హైదరాబాద్ నుంచి డల్లాస్: దూరం ఎంత, గాల్లో ఎంతసేపు, టికెట్ మీద 22 గంటలు ఎందుకు

డల్లాస్ ఎంత దూరం అని అడిగితే ఒకరు 9 వేల మైళ్లంటారు, ఇంకొకరు 15 వేల కిలోమీటర్లు దాటుతుందంటారు, మూడో ఆయన 22 గంటలంటాడు. ముగ్గురిదీ తప్పు కాదు. మొదటాయన భూగోళం మీద గీసిన గీత పొడవు చెప్పాడు, రెండో ఆయన దుబాయ్‌లో దిగి ఎక్కే దారి చెప్పాడు, మూడో ఆయన టికెట్ చూసి చెప్పాడు. ఈ మూడు లెక్కలూ కలిసిపోయినప్పుడే అమ్మానాన్నలకి టికెట్ కొనేవాళ్లు తికమకపడతారు. అందుకే ఒక్కోటీ విడదీసి చూద్దాం.

ముందు దూరం. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పడమర. రేఖాంశాల మధ్య తేడా 175.47 డిగ్రీలు. ఇక త్రికోణమితి సూత్రంతో ఈ రెండు చోట్ల మధ్య కోణం తీద్దాం. రెండు అక్షాంశాల సైన్‌లని గుణిస్తే 0.161 వస్తుంది. రెండింటి కొసైన్‌లని గుణిస్తే 0.802. దాన్ని 175.47 కొసైన్‌తో, అంటే మైనస్ 0.997తో గుణిస్తే మైనస్ 0.799. రెండూ కూడితే మైనస్ 0.638. దీని ఆర్క్ కొసైన్ 129.67 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు కాబట్టి దూరం 14,420 కిలోమీటర్లు. భూమి కచ్చితమైన బంతి కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. అందువల్ల ఈ పద్ధతిలో అర శాతం దాకా తేడా రావచ్చు. ప్రయాణీకుడికి అది పట్టించుకోవాల్సిన తేడా కాదు.

ఇది ఎక్సెల్‌లో వేసేవాళ్లు రెండు చోట్ల బోల్తాపడతారు. ఒకటి, ఎక్సెల్‌కి కోణాలు డిగ్రీల్లో కాదు, రేడియన్లు అనే ఇంకో కొలతలో ఇవ్వాలి. డిగ్రీలు అలాగే ఇస్తే ఏదో ఒక అంకె వస్తుంది, అదీ నమ్మేలా ఉంటుంది, అదే ప్రమాదం. రెండోది, పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మర్చిపోవడం. డల్లాస్‌ని 97.04 తూర్పు అని కొట్టి చూడండి, దూరం 2,550 కిలోమీటర్లని వస్తుంది. మైనస్ పోయిన డల్లాస్ చైనాలో టిబెట్ పీఠభూమి మీద, యూషు పట్టణం దగ్గర వాలుతుంది. తమాషా ఏమిటంటే హైదరాబాద్ నుంచి దుబాయ్ కూడా సరిగ్గా అంతే దూరం. అందుకని జవాబు చూడగానే అనుమానం రాదు. ఇక మైళ్ల గొడవ. ఆ 14,420 కిలోమీటర్లు మామూలు మైళ్లలో 8,960, విమానం నడిపేవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో 7,786. యాప్‌లో కనిపించిన అంకె ఈ రెండింట్లో ఏ మైలో చూసుకోకుండా వేగంతో భాగిస్తే గంటల్లో తేడా వస్తుంది.

లెక్కలు వద్దనుకుంటే పిల్లల గ్లోబు, ఒక దారం చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే 425 కిలోమీటర్లు. దారం ఒక కొస హైదరాబాద్ మీద వేలితో నొక్కి, రెండో కొస డల్లాస్ దాకా బిగుతుగా లాగండి. దారం పడమటికి, యూరప్ మీదకి పోతుందని మనం అనుకుంటాం. అది నిటారుగా ఉత్తరానికి లేస్తుంది! పొడవు 34 సెంటీమీటర్లు.

ఈ గీత ఎక్కడెక్కడ పోతుందో అంచెలంచెలుగా లెక్కేస్తే భలే ఊళ్లు తగులుతాయి. నోయిడా మీదుగా వెళ్తుంది. తర్వాత కారకోరంలో 8,611 మీటర్ల కే2 శిఖరాన్ని దాదాపు తాకుతూ పోతుంది, తేడా నాలుగైదు కిలోమీటర్లు మించదు. కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌కీ కజకిస్తాన్‌లోని ఆల్మాటీకీ మధ్యలోంచి దూరి, సైబీరియాలో ఓమ్స్క్ మీదుగా ఆర్కిటిక్ సముద్రంలోకి దిగుతుంది. ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, గ్రీన్‌లాండ్ పైకొస దాటి, కెనడాలో అలర్ట్ స్థావరం పక్కన మళ్లీ నేల మీదకి వస్తుంది. ఏడాది పొడవునా మనుషులుండే చోట్లలో అంతకంటే ఉత్తరాన ఇంకోటి లేదు. అక్కణ్ణుంచి హడ్సన్ బే, మిన్నెసోటా, కాన్సాస్, డల్లాస్. గోడమ్యాపు మీద చూస్తే ఇది చుట్టుదారిలా కనిపిస్తుంది. అది మ్యాపు చేసే మోసం. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతమంతా సాగదీసినట్టు అవుతుంది.

మరి ఈ దారిన నేరుగా విమానం ఎందుకు పోదు? పోలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు పైనే, దాన్ని ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ అనే, మరీ దూరాలకోసం చేసిన రకం ఆగకుండా రోజూ దాటుతోంది. కానీ ఆ విమానంలో ఉన్నవి 161 సీట్లే, అందులో ఎకానమీ ఒక్కటీ లేదు. పొడవాటి ప్రయాణంలో ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. బోయింగ్ 777-300 ఈఆర్ గరిష్ఠంగా 351 టన్నుల బరువుతో లేవగలదు. 16 గంటల ప్రయాణానికి అందులో ఇంధనమే వంద టన్నులు దాటుతుంది. ఇంకో గంట పెరిగితే ఆ గంటకి కావాల్సిన ఏడెనిమిది టన్నులతో పాటు, వాటిని అంతదూరం మోసుకెళ్లడానికి ఇంకొంత కలపాలి. అది సీట్ల లెక్కలోంచో సరుకు లెక్కలోంచో తీయాల్సిందే. మే నెల మధ్యాహ్నం శంషాబాద్‌లో వేడికి గాలి పలచబడితే రెక్కలని పైకెత్తే బలం తగ్గుతుంది, లేవగలిగే బరువూ తగ్గుతుంది.

దానికి తోడు దారిలో ఉన్నవి మామూలు కొండలు కావు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ చేయాల్సిన మొదటి పని 10 వేల అడుగులకి దిగడం. ప్రయాణీకుల తలమీద వేలాడే ఆక్సిజన్ మాస్కులు ఎక్కువ విమానాల్లో పావుగంట నుంచి 20 నిమిషాలు పనిచేస్తాయి. కింద 20 వేల అడుగులకి మించిన పర్వతాలుంటే ఎక్కడికి దిగుతారు? అందుకే ఆ ప్రాంతాల మీద ఎగరాలంటే ఏ బిందువు దగ్గర ఏ లోయవైపు తిరగాలో ముందే గీసుకుని, అదనపు ఆక్సిజన్ ఉన్న విమానం వాడాలి. ఆపైన రాజకీయాలు. 2022 నుంచి రష్యా ఆకాశం అమెరికా కంపెనీలకి మూతపడింది. పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా మూసింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ మూసింది. కే2 దారి భారత కంపెనీకి ఒక పక్క, అమెరికా కంపెనీకి ఇంకో పక్క తెగిపోయింది.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి 777-200 ఎల్ఆర్‌తో నేరుగా నడిపింది. ఆ గీత పొడవు 13,280 కిలోమీటర్లు. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ ఆధ్వర్యంలో పైలట్లంతా మహిళలే ఉన్న విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు వచ్చింది. చికాగో సర్వీసు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

మధ్యలో దిగితే ఎంత నష్టం?

చాలామంది దుబాయ్ మీదుగా వెళ్తే చాలా చుట్టు అనుకుంటారు. చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డల్లాస్ 12,920, మొత్తం 15,470. దోహా మీదుగా అయితే 2,910, 12,750 కలిపి 15,660. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. నేరు గీతతో పోలిస్తే దుబాయ్ దారి పెంచేది 1,050 కిలోమీటర్లు, అంటే 7 శాతం. దారంలో రెండున్నర సెంటీమీటర్లు. గాల్లో గంటంపావు. అంతే. లండన్‌కీ దుబాయ్‌కీ మధ్య తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు. కాబట్టి దగ్గరి దారి అని చెప్పి ఎవరైనా ఐదారు వేలు ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. ప్రయాణాన్ని సాగదీసేది నేల మీద కూర్చునే సమయం, దానికి దూరంతో సంబంధం లేదు.

గాల్లో పట్టే సమయానికి ఒక ముతక సూత్రం ఉంది. కిలోమీటర్లని 850తో భాగించి, విమానం పైకి లేవడం, కిందికి దిగడం, రన్‌వే దాకా నేల మీద కదలడం కింద 40 నిమిషాలు కలపాలి. ఆ 850 ఎక్కడిదంటే, పెద్ద విమానాలు 35 వేల అడుగుల పైన ధ్వనివేగంలో 84 శాతంతో పోతాయి. అక్కడ మైనస్ 55 డిగ్రీల చలిలో ధ్వనివేగం గంటకి 1,060 కిలోమీటర్లే కాబట్టి విమానం వేగం 890 దగ్గర నిలుస్తుంది. దారి వంకరల కింద, గాలి కింద కొంత తీసేస్తే 850.

ఆ గాలి సంగతి కాస్త నిలబడి చూడాలి. ఆ ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ పారుతుంది. గంటకి వంద కిలోమీటర్లు మామూలు, చలికాలంలో రెండొందలు దాటడమూ ఉంది. గోదావరిలో పడవ రాజమండ్రి నుంచి పాపికొండలకి ఎదురెక్కడానికీ, తిరిగి వాలులో రావడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. దుబాయ్ నుంచి డల్లాస్‌కి 12,920 కిలోమీటర్లు. సగటున 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 830, గాల్లో పదిహేనున్నర గంటలు. అదే గాలి వెనకనుంచి తోస్తే 950, పదమూడున్నర చాలు. నిజం షెడ్యూల్‌లో వెళ్లేటప్పుడు 16 గంటలు పైచిలుకు, వచ్చేటప్పుడు 14 గంటల 40 నిమిషాల నుంచి 15 గంటలు చూపిస్తారు. తేడా లెక్కలో వచ్చినంత లేకపోవడానికి కారణం, ఎదురుగాలి బలంగా ఉన్న రోజు డిస్పాచర్లు, అంటే కంపెనీలో విమానం దారి నిర్ణయించేవాళ్లు, ఇంకా ఉత్తరానికి జరిగి దాన్ని తప్పించుకునే దారి గీస్తారు. అందుకే ఒకే నంబరు విమానం సోమవారం ఒక దారిన, గురువారం ఇంకో దారిన పోతుంది.

హైదరాబాద్, దుబాయ్ ముక్క చిన్నదే అయినా గాలికి సరిగ్గా ఎదురు. వెళ్లేటప్పుడు 3 గంటల 50 నిమిషాలు, వచ్చేటప్పుడు 3 గంటల 25. వెయ్యి కిలోమీటర్లకి పది నిమిషాల తేడా. డల్లాస్ ముక్కలో ఇది ఏడు నిమిషాలే, ఎందుకంటే ఆ దారిలో కొంత ఉత్తర దక్షిణాలుగా పోతుంది, గాలి పక్కనుంచి తగులుతుంది.

ఇంకో మాట. టికెట్ మీద ఉండేది గాల్లో ఉండే సమయం కాదు, బ్లాక్ టైమ్. విమానం గేటు దగ్గర కదిలిన నిమిషం నుంచి అవతలి గేటు దగ్గర ఆగే నిమిషం దాకా. డల్లాస్ విమానాశ్రయం 70 చదరపు కిలోమీటర్లు, మన్‌హటన్ దీవికంటే పెద్దది. చక్రాలు నేలకి తగిలాక గేటుకి చేరడానికే పావుగంట పట్టొచ్చు. పైగా ఆలస్యమైందన్న పేరు రాకుండా కంపెనీలు కాస్త ఎక్కువే రాసుకుంటాయి. విమానం అరగంట ముందే దిగిందని పైలట్ గర్వంగా చెప్పాడంటే అందులో సగం ఈ దాచిపెట్టిన నిమిషాలే.

టికెట్ చదవడం

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డల్లాస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. దుబాయ్‌లో, ఇక్కడ ఆ పని లేదు.

ఒక నమూనా వేసి చూద్దాం. జూన్‌లో ఒక సోమవారం ఉదయం 10 గంటలకి హైదరాబాద్‌లో బయల్దేరారు. 3 గంటల 50 నిమిషాల తర్వాత మన గడియారంలో మధ్యాహ్నం 1:50, దుబాయ్‌లో 12:20. అక్కడ 2:40కి రెండో విమానం. 16 గంటల 15 నిమిషాలు పోతే దుబాయ్‌లో మంగళవారం ఉదయం 6:55. డల్లాస్ దానికి 9 గంటలు వెనక, అంటే సోమవారం రాత్రి 9:55. సోమవారం పొద్దున బయల్దేరి సోమవారం రాత్రికే చేరారు, కానీ ఒంటికి మాత్రం మంగళవారం ఉదయం 8:25. మొత్తం 22 గంటల 25 నిమిషాలు. ఇదే విమానం డిసెంబరులో అయితే డల్లాస్ గడియారంలో 8:55కి దిగుతుంది, ప్రయాణం ఏమీ తగ్గదు. ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు మార్చి, నవంబరు నెలల్లో పొరబడేది ఇక్కడే.

తిరుగు ప్రయాణం, ఇదీ జూన్‌లోనే. సోమవారం ఉదయం 11:50కి డల్లాస్‌లో ఎక్కితే 14 గంటల 40 నిమిషాలకి దుబాయ్‌లో మంగళవారం 11:30. మధ్యాహ్నం 3 గంటల విమానం అందుకుని 3 గంటల 25 నిమిషాలకి హైదరాబాద్‌లో సాయంత్రం 7:55. 21 గంటల 35 నిమిషాలే, కానీ క్యాలెండరులో ఒక రోజు మాయం. టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్నగా ప్లస్ 1 అని ఉండేది దీనికే. ఆఫీసులో సెలవు పెట్టేటప్పుడు ఆ ప్లస్ 1 మర్చిపోతే ఒక రోజు జీతం పోయినట్టే.

ఇంకో రకంగా కూడా సరిచూసుకోవచ్చు. బయల్దేరే సమయాన్నీ చేరే సమయాన్నీ రెండింటినీ మన గడియారంలోకి మార్చి తీసేయండి. టికెట్ మీద మొత్తం సమయం అని రాసిన అంకెతో అది కలవకపోతే, మీరు ఊళ్ల మధ్య గంటల తేడా తప్పుగా పట్టుకున్నారు.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ లెక్క ఇంకా ముఖ్యం. డల్లాస్ గడియారం చూసి రాత్రి మాత్ర వేసుకుంటే ముందు మాత్రకి దీనికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయో తేడాపడుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పై లెక్కని గంటలవారీగా కాగితం మీద రాసి బయల్దేరే ముందే డాక్టరుకి చూపించి, ఏ గంటకి ఏది అని రాయించుకోవాలి. జూన్‌లో ఆ దారిన చాలాసేపు కిటికీ బయట చీకటే పడదు కాబట్టి వెలుగుని బట్టి అంచనా వేస్తే కుదరదు.

లేఓవర్, అంటే రెండు విమానాల మధ్య ఆగే సమయం, 2 గంటల 20 నిమిషాలంటే చేతిలో అంత ఉందని కాదు. గేటు 20 నిమిషాల ముందే మూస్తారు. అమెరికా విమానాలకి అదనపు తనిఖీ ఉంటుంది కాబట్టి బోర్డింగ్ ముందే మొదలవుతుంది. మొదటి విమానం వెనక వరసల్లోంచి దిగడానికి 15 నిమిషాలు, మళ్లీ సెక్యూరిటీ, టెర్మినల్‌లో నడక. మిగిలేది గంట. పెద్దవాళ్లయితే 3 నుంచి 4 గంటలు ఉన్నదే కొనండి, వీల్‌చెయిర్ ముందే అడగండి. వీల్‌చెయిర్ తోసే మనిషి కోసం కూడా కొంతసేపు కూర్చోవాలి, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

అసలు దెబ్బ పడేది రెండు వేర్వేరు టికెట్లు కొన్నప్పుడు. దుబాయ్ దాకా ఒక చౌక టికెట్, అక్కణ్ణుంచి ఇంకోటి అని కలిపి కొంటే పదివేలు మిగలొచ్చు. కానీ పీఎన్ఆర్, అంటే బుకింగ్ నంబరు, ఒకటి కాదు. మొదటిది ఆలస్యమైతే రెండో కంపెనీకి మీతో పని లేదు, టికెట్ పోయింది. సామాను మీరే తీసుకుని మళ్లీ వేయాలి, అందుకు ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, దానికి వీసా అడగొచ్చు. ఒకే పీఎన్ఆర్ మీద కొంటే విమానం తప్పినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది.

అమెరికాలో ఇంకో ఊళ్లో దిగి డల్లాస్ వెళ్లే టికెట్లు కూడా ఉంటాయి. అప్పుడు ఇమ్మిగ్రేషన్ మొదట దిగిన ఊళ్లోనే. సామాను బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ. బ్యాగు మీద డల్లాస్ అని ట్యాగు ఉన్నా సరే. ఆ చోట 3 గంటలకి తక్కువ ఉంటే కొనకండి. అబుదాబి మీదుగా వెళ్లే అమెరికా విమానాలకి ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే ముగుస్తుంది, ఆ లేఓవర్‌లో అదనంగా గంటైనా ఉంచుకోవాలి.

కాలాన్ని బట్టి ఇంకొన్ని. డిసెంబరు చివర, జనవరిలో ఢిల్లీ మీదుగా తెల్లవారుజామున మారే టికెట్ వద్దు, పొగమంచుకి మొదటి విమానమే కదలదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా డల్లాస్‌లో సాయంత్రాలు ఉరుముల గాలివానలు లేస్తాయి. విమానం గాల్లో చక్కర్లు కొట్టి, ఇంధనం సరిపోకపోతే హ్యూస్టన్‌కో ఆస్టిన్‌కో మళ్లుతుంది. అప్పటికే 16 గంటలు పనిచేసిన సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతే మళ్లీ డల్లాస్‌కి అదే విమానం వెంటనే లేవదు.

కొనే ముందు చేయాల్సిన పని ఒకటే. ఫ్లైట్ నంబరు తీసుకుని ఫ్లైట్‌రాడార్24 సైట్‌లోనో ఫ్లైట్‌అవేర్ సైట్‌లోనో గత వారం పది రోజులు ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది చూడండి. పదిలో మూడుసార్లు మొదటి విమానం గంట ఆలస్యమైందంటే రెండు గంటల లేఓవర్ సరిపోదు. ఇక విజయవాడ నుంచి బయల్దేరేవాళ్లు శంషాబాద్‌కి రోడ్డు మీద ఐదు గంటలు, విమానానికి ముందు మూడు గంటలు, డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్ దగ్గర గంటా గంటన్నర, ఇంటికి ముప్పావు గంట కలుపుకోండి. 22 కాస్తా 32 దాటుతుంది. ఆవకాయ జాడీ ప్యాకింగ్‌కి పట్టే సమయం ఇందులో కలపలేదు.